అయిదు అమైనో ఆమ్లాల ఆనవాలు

మనిషి కణం ఒక్కదానిలోనే వేల రకాల ప్రొటీన్లు ఉంటాయి. వాటి మధ్య పీ53 అనే ప్రొటీన్‌ను వెతికి పట్టుకోవడం మామూలు పని కాదు. ఆరోగ్యంగా ఉన్న కణంలో అది ఉండేదే చాలా తక్కువ. తయారైనది తయారైనట్టే కణం దాన్ని విరిచేస్తూ ఉంటుంది. దాని అర్ధాయుష్షు ఇరవై నిమిషాల దరిదాపుల్లోనే ఉంటుంది. అయినా పాథాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్ ఆ ప్రొటీన్ ఏ కణంలో ఉందో, ఏ కణంలో లేదో, ఉంటే కణంలో ఏ మూల ఉందో గాజు స్లైడ్ మీద గోధుమ రంగులో చూపించగలరు. అందుకు వాడేది ఒక చిన్న సీసాలోని ద్రావణం. సీసా మీద ‘డీఓ-7’ అని ఉంటుంది. అందులో ఉన్నది మోనోక్లోనల్ యాంటీబాడీ. అది ఎలా పుట్టింది, పీ53లో సరిగ్గా ఎక్కడ పట్టుకుంటుంది, ఆ పట్టు మన కంటికి ఎలా కనబడుతుంది అనేవి వరసగా చూద్దాం.

వెతుకుతున్నది ఏమిటి?

పీ53ని తయారుచేసే జన్యువు 17వ క్రోమోజోమ్ పొట్టి భుజం మీద ఉంది. ప్రొటీన్ పొడవు 393 అమైనో ఆమ్లాలు. నాలుగు ప్రతులు జట్టుకట్టి డీఎన్‌ఏను పట్టుకుంటాయి. డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు కణ విభజనను ఆపడం, మరమ్మతుకు వ్యవధి ఇవ్వడం, మరమ్మతుకు లొంగని కణం తనంతట తానే చనిపోయేలా చేయడం దీని బాధ్యత. కణితిని అణచే ప్రొటీన్లలో దీని పేరే ముందు చెబుతారు. మనుషులకు వచ్చే క్యాన్సర్లలో దాదాపు సగం వాటిలో ఈ జన్యువు చెడి ఉంటుంది.

ప్రొటీన్‌ను మూడు భాగాలుగా చూడొచ్చు. మొదటి భాగానికి స్థిరమైన మడత లేదు, వదులుగా ఉంటుంది. ఇతర జన్యువులను పనిలోకి దించేది ఇదే. 94వ అమైనో ఆమ్లం నుంచి సుమారు 292 వరకు ఉన్న నడిమి భాగం బిగువుగా ముడుచుకుని ఉంటుంది. డీఎన్‌ఏను పట్టుకునేది ఈ భాగం. చివరి భాగం నాలుగు ప్రతులను కలిపి ఉంచుతుంది, పని ఎప్పుడు చేయాలో అదుపు చేస్తుంది. క్యాన్సర్లలో కనిపించే మ్యుటేషన్లలో అత్యధికం నడిమి భాగంలోనే ఉంటాయి. యాంటీబాడీ ఈ మూడింటిలో దేన్ని పట్టుకుంటుంది అన్నదాన్ని బట్టే అది చెప్పే సమాచారం మారుతుంది.

అసలు ఈ ప్రొటీన్ వెలుగులోకి వచ్చిందే యాంటీబాడీల వల్ల. ఎస్‌వీ40 అనే వైరస్ వల్ల కణితులు వచ్చిన జంతువుల సీరంలో ఆ వైరస్ ప్రొటీన్‌కు యాంటీబాడీలు ఉంటాయి. వాటితో వైరస్ ప్రొటీన్‌ను బయటికి లాగితే, దాన్ని అంటిపెట్టుకుని కణానికే చెందిన మరో ప్రొటీన్ కూడా వచ్చింది. 1979లో లండన్‌లో డేవిడ్ లేన్, లయొనెల్ క్రాఫర్డ్, ప్రిన్స్‌టన్‌లో డేనియల్ లిన్జర్, ఆర్నాల్డ్ లెవిన్, ఇంకొన్ని బృందాలు విడివిడిగా దీన్ని ప్రకటించాయి. మొదటి పదేళ్లూ ఇది క్యాన్సర్‌ను పెంచేదనే అనుకున్నారు. అప్పట్లో పరీక్షలకు వాడిన జన్యు ప్రతులు చాలావరకు మ్యుటేషన్ పొందినవని తేలాక, 1989 నాటికి లెక్క తలకిందులైంది. అసలైన పీ53 క్యాన్సర్‌ను అణచేదని రుజువైంది.

పట్టుకునేది ఎలా పుట్టింది?

యాంటీబాడీ వై అక్షరం ఆకారంలో ఉండే ప్రొటీన్. రెండు బరువైన గొలుసులు, రెండు తేలికైన గొలుసులు కలిసి సుమారు 1,50,000 డాల్టన్ల బరువు ఉంటుంది. పై రెండు చేతుల చివరలే పట్టుకునే చోట్లు. ఒక్కో చివర బరువైన గొలుసు నుంచి మూడు, తేలికైన గొలుసు నుంచి మూడు, మొత్తం ఆరు వంపులు ఉంటాయి. ఈ ఆరింటి రూపును బట్టే అది ఏ ప్రొటీన్‌లో ఏ తునకను పట్టుకోవాలో నిర్ణయమవుతుంది. ఆ తునకను ఎపిటోప్ అంటారు. వై కాడ మాత్రం పట్టే పని చేయదు. ల్యాబ్‌లో రంగు పుట్టించే ఎంజైమును మోసుకొచ్చే రెండో యాంటీబాడీకి పట్టు దొరికేది ఆ కాడ మీదే.

ఎలుకకు మనిషి పీ53ని ఎక్కిస్తే దాని ఒంట్లో ఒక్క రకం యాంటీబాడీ పుట్టదు. ప్రొటీన్‌లో ఒక్కో తునకకు ఒక్కో రకం చొప్పున పదుల రకాలు పుడతాయి. ఆ సీరంను అలాగే వాడితే ఏది దేన్ని పట్టుకుందో చెప్పలేం. ఒక జంతువు సీరం ఇంకో జంతువు సీరంలా ఉండదు. ఆ జంతువు చనిపోతే ఆ సరుకు అంతటితో సరి. ఒక బీ కణం ఒక రకం యాంటీబాడీనే చేస్తుంది కాబట్టి, ఆ ఒక్క కణాన్ని వేరు చేసి పెంచితే చాలు. కానీ బీ కణాలు ఒంటి బయట ఎక్కువ రోజులు బతకవు.

ఈ చిక్కును కేంబ్రిడ్జిలో జార్జెస్ కోలర్, సెజార్ మిల్‌స్టైన్ 1975లో విప్పారు. ఎలుక ప్లీహంలోని బీ కణాలను, మైలోమా అనే క్యాన్సర్ కణాలతో కలిపి ఒక్కటి చేశారు. బీ కణం నుంచి యాంటీబాడీ చేసే గుణం, మైలోమా నుంచి అంతులేకుండా విభజన చెందే గుణం కలిసి వచ్చిన ఆ కొత్త కణమే హైబ్రిడోమా. మొదట్లో కణాలను అతికించడానికి చంపిన సెండాయ్ వైరస్‌ను వాడారు. తర్వాత పాలీఇథిలీన్ గ్లైకాల్ వాడుకలోకి వచ్చింది. ఈ పద్ధతికి వాళ్లు పేటెంట్ తీసుకోలేదు. 1984లో నీల్స్ యెర్నేతో పాటు వైద్యశాస్త్ర నోబెల్ అందుకున్నారు.

అతికించడం ఒక ఎత్తు, అతుక్కున్నవాటిని ఏరడం ఒక ఎత్తు. లక్షల కణాల్లో కొన్నే సరిగ్గా కలుస్తాయి. కలవని మైలోమా కణాలు వేగంగా పెరిగి గిన్నె అంతా కమ్మేస్తాయి. వాటిని ఏరే ఏర్పాటు ఈ మొత్తం పద్ధతికే ప్రాణం. కణం డీఎన్‌ఏ తయారు చేసుకోవడానికి రెండు మార్గాలున్నాయి. ఒకటి మొదటి నుంచీ స్వయంగా తయారు చేసుకునే రాజమార్గం, రెండోది బయట దొరికే ముక్కలను తిరిగి వాడుకునే అడ్డదారి. మైలోమా కణాల్లో అడ్డదారికి కావలసిన ఒక ఎంజైము లేని రకాన్నే ముందుగా ఎంచుకుంటారు. తర్వాత కణాలను పెంచే ద్రావణంలో రాజమార్గాన్ని మూసేసే అమినోప్టెరిన్ కలుపుతారు. అడ్డదారికి సరుకుగా హైపోగ్జాంథిన్, థైమిడిన్ వేస్తారు. అప్పుడు రెండు దారులూ మూసుకుపోయి మైలోమా కణాలు చనిపోతాయి. కలవని బీ కణాలకు అడ్డదారి ఉన్నా, వాటి ఆయుష్షు తీరి కొద్ది రోజుల్లో పోతాయి. బీ కణం నుంచి ఎంజైమును, మైలోమా నుంచి ఆయుష్షును తెచ్చుకున్న హైబ్రిడోమాలే చివరికి మిగులుతాయి. ఎవరూ ఒక్కో కణాన్ని చూసి ఏరక్కర్లేదు. ద్రావణమే ఏరిపెడుతుంది.

ఇందులో తెలుగువారు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. అమినోప్టెరిన్ అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో తయారైన మందు. పిల్లలకు వచ్చే ల్యుకేమియాను అది తాత్కాలికంగానైనా తగ్గించగలదని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. సుబ్బారావు అదే ఏడాది కన్నుమూశారు. క్యాన్సర్ చికిత్స కోసం పుట్టిన ఆ మందే తర్వాత క్యాన్సర్‌ను గుర్తించే యాంటీబాడీల తయారీలో జల్లెడ పని చేసింది.

మిగిలిన హైబ్రిడోమాలను 96 గుంటల ప్లేట్లలో పంచుతారు. ఒక్కో గుంట నుంచి కాస్త ద్రావణం తీసి, పీ53 పూసిన మరో ప్లేట్‌లో పరీక్షిస్తారు. రంగు వచ్చిన గుంటను ఎంచుకుంటారు. అందులోనూ రెండు మూడు రకాల కణాలు ఉండొచ్చు కాబట్టి, గుంటకు సగటున ఒక కణం కూడా పడనంత పలచగా చేసి మళ్లీ పంచుతారు. ఒకే కణం నుంచి పెరిగిన సంతతి అని నమ్మకం కుదిరేదాకా ఇలా తిరిగి తిరిగి చేస్తారు. అలా నిలిచిన కణాలను ద్రవ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల వద్ద దాస్తారు. కావలసినప్పుడు తీసి పెంచితే, ఏళ్ల తర్వాత కూడా అదే యాంటీబాడీ వస్తుంది.

ఒక్కొక్కటి ఒక్కో చోట

పీ53కి ఇలా ఎన్నో మోనోక్లోనల్ యాంటీబాడీలు తయారయ్యాయి. పేర్లు గుర్తుపెట్టుకోవడం కష్టమే గానీ, ఒక్కొక్కటి ఎక్కడ పట్టుకుంటుందో తెలిస్తే వాటి పనితనం బోధపడుతుంది.

పీఏబీ 421 ప్రొటీన్ చివరి కొసలో, 371 నుంచి 380 మధ్య పట్టుకుంటుంది. పీఏబీ 1801 మొదటి భాగంలో 46 నుంచి 55 మధ్య పట్టుకుంటుంది. వీటిది సూటి వ్యవహారం. వరసగా ఉన్న అమైనో ఆమ్లాలు కనబడితే చాలు, పట్టుకుంటాయి.

పీఏబీ 1620, పీఏబీ 240 అలా కాదు. 1620 గుర్తుపట్టేది వరసను కాదు, మడతను. ప్రొటీన్ గొలుసులో దూరదూరంగా ఉన్న అమైనో ఆమ్లాలు సరిగ్గా ముడుచుకున్నప్పుడే ఒకచోటికి చేరతాయి. అలా చేరినప్పుడే 1620కి పట్టు దొరుకుతుంది. 240 దీనికి సరిగ్గా వ్యతిరేకం. అది పట్టుకునే తునక 213 నుంచి 217 వరకు ఉంటుంది. బాగున్న పీ53లో ఆ అయిదు అమైనో ఆమ్లాలూ మడత లోపల దాగి ఉంటాయి. మ్యుటేషన్ వల్ల మడత సడలితే అవి బయటపడతాయి. కణాన్ని సున్నితంగా పగలగొట్టి, ప్రొటీన్ మడత చెడకుండా ఉంచి ఈ రెండింటితో పరీక్షిస్తే, 1620 పట్టినది ఆకారం నిలిచిన పీ53 అనీ, 240 పట్టినది ఆకారం చెడినదనీ వేరు చేయొచ్చు. కొన్ని మ్యుటేషన్లు మడతను చెడగొట్టకుండా డీఎన్‌ఏను తాకే చోటును మాత్రమే పాడుచేస్తాయి. అలాంటివి చెడినవే అయినా 1620కి చిక్కుతాయి. ఈ పరీక్ష చెప్పేది ఆకారం గురించే గానీ పనితనం గురించి కాదు. ఆ తేడా తెలిసినవాళ్లే దీన్ని సరిగ్గా వాడగలరు.

ఇక డీఓ-1, డీఓ-7. బోరివోయ్ వోయ్‌త్యెషెక్, డేవిడ్ లేన్ తదితరులు 1992లో వీటిని ప్రకటించారు. ఇవి పట్టుకునే చోటు ప్రొటీన్ మొదట్లోనే, 21 నుంచి 25 వరకు ఉన్న తునక చుట్టూ ఉంది. ఆస్పార్టిక్ ఆమ్లం, ల్యూసిన్, ట్రిప్టోఫాన్, లైసిన్, ల్యూసిన్. ఈ అయిదింటిలోనే ఎన్నో సంగతులు ఇమిడి ఉన్నాయి.

మొదటిది, ఈ చోటు వదులుగా ఉండే భాగంలో ఉంది. మడత ఉన్నా లేకున్నా అందుబాటులోనే ఉంటుంది. అందుకే ఫార్మలిన్‌లో ఊరి, మైనంలో ఇమిడి, నీళ్లలో ఉడికిన కణజాలంలో కూడా డీఓ-7 దాన్ని పట్టుకోగలుగుతుంది. రెండోది, మ్యుటేషన్లు ఎక్కువగా నడిమి భాగంలో వస్తాయి కాబట్టి ఈ చోటు చెడకుండా మిగులుతుంది. బాగున్న పీ53నీ చెడిన పీ53నీ డీఓ-7 ఒకేలా లెక్కపెడుతుంది. మూడోది, ఎలుక పీ53లో ఇదే చోట ఆస్పార్టిక్ ఆమ్లానికి బదులు గ్లైసిన్ ఉంది. మిగతా నాలుగూ అవే. డీఓ-1 మనిషి పీ53ని పట్టుకుంటుంది, ఎలుక పీ53ని పట్టుకోదు. ఎలుక ఒంట్లో పుట్టిన యాంటీబాడీ ఎలుక సొంత ప్రొటీన్‌ను వదిలేసి, మనిషి ప్రొటీన్‌ను ఎంచుకుంటుందన్నమాట.

నాలుగోది అన్నిటికన్నా ఆసక్తికరం. పీ53ని విరగ్గొట్టించే ప్రొటీన్ పేరు ఎండీఎం2. అది పీ53ని పట్టుకునేది కూడా ఈ చోటే. 19వ ఫినైల్అలనిన్, 23వ ట్రిప్టోఫాన్, 26వ ల్యూసిన్ దానికి ఊతాలు. ఎండీఎం2 పట్టుకుని ఉన్న పీ53ని డీఓ-1 పట్టుకోలేదు. పక్కనే ఉన్న 20వ సెరిన్‌కు ఫాస్ఫేట్ తగులుకున్నా డీఓ-1 పట్టు సడలుతుంది. యాంటీబాడీ ఎక్కడ కూర్చుంటుందో తెలియకుండా వాడితే, ఇలాంటి చోట పీ53 ఉన్నా లేదనుకునే ప్రమాదం ఉంది. తెలిసి వాడితే, పట్టు సడలడమే ఒక సమాచారం అవుతుంది.

పలచని పొర మీద గీత

కణాల్లో పీ53 ఉందా, ఎంత ఉంది, పొడవు సరిగ్గా ఉందా అని చూడటానికి ల్యాబ్‌లో చేసేది వెస్టర్న్ బ్లాట్. కణాలను ఐస్ మీద ఉంచి పగలగొడతారు. ప్రొటీన్లను తినేసే ఎంజైములను ఆపే మందులు అప్పుడే కలుపుతారు. ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్‌తో మరిగిస్తే ప్రొటీన్ల మడతలన్నీ విడిపోయి పొడవాటి గొలుసులవుతాయి. వాటిని పాలీఅక్రిలమైడ్ జెల్‌లో కరెంటు పెట్టి నడిపిస్తే చిన్నవి ముందుకు, పెద్దవి వెనక్కు సర్దుకుంటాయి. పీ53 పేరులోని 53 ఇక్కడ నుంచి వచ్చిందే. దాని అసలు బరువు 43.7 కిలోడాల్టన్లు. మొదటి భాగం దగ్గర ప్రొలిన్లు దట్టంగా ఉండటం వల్ల అది జెల్‌లో నెమ్మదిగా కదిలి 53 దగ్గర ఆగుతుంది.

జెల్‌లోని ప్రొటీన్లను నైట్రోసెల్యులోజ్ పొర మీదికి దించాక, ఖాళీగా ఉన్న చోట్లన్నీ కప్పడానికి వెన్న తీసిన పాలపొడిని అయిదు శాతం కలిపిన ద్రావణంలో పొరను తిప్పుతారు. లేకపోతే యాంటీబాడీ పొరకే అంటుకుని అంతా మసకబారుతుంది. ఫాస్ఫేట్ తగిలిన పీ53ని మాత్రమే పట్టే యాంటీబాడీ వాడేటప్పుడు పాలపొడిని చాలామంది పక్కన పెడతారు. పాలలోని కేసిన్ తానే ఫాస్ఫేట్ మోసే ప్రొటీన్ కావడమే కారణం. అక్కడ పశువుల సీరం ఆల్బుమిన్ వాడతారు. చేయి తిరిగిన పరిశోధకులకు ఇలాంటి చిన్న విషయాలన్నీ అలవాటుగా ఉంటాయి.

తర్వాత డీఓ-1, దాని మీద ఎలుక యాంటీబాడీ కాడను పట్టుకునే రెండో యాంటీబాడీ. రెండోదానికి ఎంజైము తగిలించి ఉంటుంది. ల్యూమినాల్ పోస్తే 53 దగ్గర వెలుగు గీత వస్తుంది. ఆ గీత నిజంగా పీ53దేనా? జవాబు కూడా అదే పొర మీద ఉండాలి. హెచ్1299 అనే ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల్లో పీ53 అసలే ఉండదు. ఆ గడిలో గీత రాకూడదు. ఏ431 కణాల్లో 273వ చోట మ్యుటేషన్ ఉన్న పీ53 పేరుకుపోయి ఉంటుంది. అక్కడ గీత తప్పక రావాలి. బాగున్న పీ53 ఉన్న ఎంసీఎఫ్-7 కణాలకు డాక్సోరుబిసిన్ ఇచ్చి డీఎన్‌ఏను దెబ్బతీస్తే గీత మందం పెరగాలి. అన్ని గడుల్లో సమానంగా సరుకు పోశామని చూపడానికి ఆక్టిన్ గీత ఒకటి. పీఏబీ 240ని ఇక్కడ వాడితే మాత్రం మ్యుటేషన్ సంగతి తేలదు. మరిగించినప్పుడే మడతలన్నీ విడిపోయాయి కాబట్టి, మంచి పీ53లో దాగిన తునక కూడా బయటపడి 240కి చిక్కుతుంది.

స్లైడ్ మీద గోధుమ రంగు

వెస్టర్న్ బ్లాట్‌లో కణాలన్నీ కలిసిపోతాయి. ఏ కణంలో ఏముందో విడిగా చూడాలంటే కణజాలాన్ని ఉన్నదున్నట్టు ఉంచి రంగు వేయాలి. దీన్నే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ అంటారు; ల్యాబ్‌లో పొడి అక్షరాలతో ఐహెచ్‌సీ అంటారు.

ఆపరేషన్‌లో తీసిన ముక్కను వెంటనే పది శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో వేస్తారు. తర్వాత నీరంతా పోయేలా ఆల్కహాల్, జైలీన్ దాటించి మైనంలో పోతపోస్తారు. అదే బ్లాక్. మైక్రోటోమ్ బ్లేడుతో దాని నుంచి మూడు నాలుగు మైక్రాన్ల మందాన సెక్షన్లు తీస్తారు. ఈ మెట్టు దగ్గర టెక్నీషియన్ చేతులు చూడాలి. సెక్షన్లు ఒకదానికొకటి అంటుకుని రిబ్బన్‌లా బ్లేడు మీద నుంచి జారతాయి. బ్రష్ కొసతో ఎత్తి, మైనం కరగని వేడిలో ఉన్న నీళ్ల తొట్టిలో వదిలితే ముడతలు వాటంతట అవే విప్పుకుంటాయి. స్లైడ్‌ను ఏటవాలుగా ముంచి పైకి తీస్తే సెక్షన్ గాజుకు అంటుకుంటుంది. మామూలు స్లైడ్ అయితే తర్వాత ఉడకబెట్టేటప్పుడు సెక్షన్ ఊడిపోతుంది. అందుకే ధనావేశం ఎక్కించిన స్లైడ్లు వాడతారు.

ఫార్మలిన్ ప్రొటీన్ల మధ్య అడ్డబంధాలు వేసి కణజాలాన్ని కుళ్లకుండా కాపాడుతుంది. ఆ బంధాలే ఎపిటోప్‌లను కప్పేస్తాయి. చాలాకాలం ఈ చిక్కు తీరలేదు. 1991లో షాన్‌రోంగ్ షీ, మార్క్ కీ, క్రిషన్ కల్రా సెక్షన్లను మైక్రోవేవ్ ఓవెన్‌లో బాగా వేడిచేస్తే యాంటీబాడీలకు పట్టు మళ్లీ దొరుకుతుందని చూపారు. ఇప్పుడు పీహెచ్ 6 ఉన్న సిట్రేట్ ద్రావణంలో గానీ, పీహెచ్ 9 ఉన్న ట్రిస్-ఈడీటీఏ ద్రావణంలో గానీ స్లైడ్లను ఉడికిస్తారు. దీనికి ప్రెషర్ కుక్కర్ వాడే ల్యాబ్‌లూ ఉన్నాయి. వేడి తగ్గితే పట్టు దొరకదు, మితిమీరితే కణజాలమే చెదిరిపోతుంది.

ఆ తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడ్ వేస్తారు. ఎర్ర రక్తకణాల్లో సహజంగానే పెరాక్సిడేజ్ గుణం ఉంటుంది. దాన్ని ముందే అణచకపోతే యాంటీబాడీ లేని చోట కూడా రంగు వస్తుంది. అది అయ్యాక డీఓ-7. బఫర్‌తో కడిగి, రెండో యాంటీబాడీ. ఇందులో పాలిమర్ గొలుసు మీద రెండో యాంటీబాడీలతో పాటు హార్స్‌ర్యాడిష్ పెరాక్సిడేజ్ అనే ఎంజైము కూడా ఎన్నో ప్రతుల్లో ఉంటుంది. ఒక్క డీఓ-7 కూర్చున్న చోట ఇన్ని ఎంజైములు చేరడం వల్లే కొద్దిపాటి పీ53 కూడా కంటికి ఆనుతుంది.

చివరిది రంగు. డయామినోబెంజిడిన్ ద్రావణం వేస్తే ఎంజైము దాన్ని అక్కడికక్కడే గోధుమ రంగు పదార్థంగా మారుస్తుంది. ఆ పదార్థం నీటిలోనూ కరగదు, ఆల్కహాల్‌లోనూ కరగదు. పుట్టిన చోటి నుంచి కదలదు కాబట్టి రంగు ఉన్న చోటే పీ53 ఉన్న చోటు. తర్వాత ఆల్కహాల్, జైలీన్‌లలో ముంచినా చెక్కుచెదరదు. ఎక్కువసేపు ఉంచితే అంతా గోధుమ రంగు అయిపోతుంది, తక్కువసేపు ఉంచితే బలహీనమైన రంగు కనబడదు. అందుకే టైమర్ పెట్టుకుని చేస్తారు. ఆపైన హెమటాక్సిలిన్‌తో కేంద్రకాలకు నీలిరంగు వేసి, కవర్ స్లిప్ మూస్తారు.

చూసే కన్ను

మైక్రోస్కోప్ కింద పెట్టిన ఆ స్లైడ్‌లో మామూలు కణాలైతే, ఒక కేంద్రకం లేత గోధుమ, పక్కది కాస్త ముదురు, ఇంకొకటి నీలం, ఇలా కలగాపులగంగా ఉంటాయి. పీ53 అవసరాన్ని బట్టి పుడుతూ పోతూ ఉందనడానికి అది గుర్తు. మ్యుటేషన్ వల్ల ఒక అమైనో ఆమ్లం మారి, ప్రొటీన్ విరగకుండా పేరుకుపోతే కణితి కేంద్రకాలు దాదాపు అన్నీ ఒకే ముదురు గోధుమ రంగులో కనిపిస్తాయి. చెడిన ప్రొటీన్ ఎక్కువగా కనబడటానికి కారణం ఉంది. ఎండీఎం2ని తయారు చేయించేది కూడా పీ53నే. పీ53 చెడితే తనను విరిచేదాన్ని తానే తయారు చేయించలేదు, కాబట్టి పేరుకుపోతుంది. చాలా అరుదుగా రంగు కేంద్రకంలో కాక చుట్టూ ఉన్న సైటోప్లాజంలో కనిపిస్తుంది; ప్రొటీన్‌ను కేంద్రకంలోకి పంపే భాగం చెడినప్పుడు ఇలా జరుగుతుంది.

ఇంకో రూపం ఉంది. అందులో కణితి కేంద్రకాల్లో ఒక్కదానిలోనూ గోధుమ రంగు ఉండదు. జన్యువు మధ్యలో తెగిపోయే మ్యుటేషన్ వస్తే ప్రొటీన్ తయారే కాదు. అప్పుడు స్లైడ్ మీద నీలం తప్ప ఏమీ ఉండదు. అజాగ్రత్తగా చూసేవారు దీన్ని ‘నెగటివ్’ అని, అంటే బాగుందని అనుకుంటారు. పాథాలజిస్టు మాత్రం కణితిని వదిలి దాని పక్కనున్న కణాలను చూస్తారు. రక్తనాళాల గోడల్లో, కణితి మధ్యలో చొరబడిన లింఫోసైట్లలో అక్కడక్కడ లేత గోధుమ రంగు కనబడాలి. అది కనబడితే యాంటీబాడీ పనిచేసింది, ఉడికించడం సరిపోయింది, కణితిలో పీ53 నిజంగానే లేదు. అది కూడా కనబడకపోతే తప్పు స్లైడ్‌ది, మళ్లీ చేయాలి. లేదని చెప్పడానికి కూడా రుజువు అడగడంలోనే ఈ పరీక్ష గొప్పతనం ఉంది. అండాశయంలో వచ్చే హై గ్రేడ్ సీరస్ క్యాన్సర్లలో పీ53 మ్యుటేషన్లు 96 శాతం మేర ఉన్నట్టు 2011లో వెలువడిన పెద్ద జన్యు అధ్యయనం తేల్చింది. అలాంటి కణితిని మరో రకంతో పొరబడకుండా వేరు చేయడంలో ఈ రూపాలన్నీ రోజూ పనికొస్తున్నాయి.

ఇదే పద్ధతిలో కణితిని అణచే మరికొన్ని ప్రొటీన్లనూ చూస్తారు. పెద్దపేగు క్యాన్సర్లలో డీఎన్‌ఏ తప్పులు దిద్దే ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 నాలుగింటినీ విడివిడిగా పరీక్షిస్తారు. ఎంఎల్‌హెచ్1 పోతే దాని జంట అయిన పీఎంఎస్2 కూడా నిలవదు. రెండూ ఒకేసారి కనబడకపోవడం పరీక్ష సరిగ్గా జరిగిందనడానికి ఊతమిస్తుంది. గర్భాశయ ముఖద్వారంలో పీ16 దట్టంగా కనబడితే అది పాపిలోమా వైరస్ ప్రభావానికి గుర్తు. ఆ వైరస్ ఆర్‌బీ అనే మరో కణితి నిరోధక ప్రొటీన్‌ను పనికిరాకుండా చేస్తే, దానికి ప్రతిస్పందనగా పీ16 పెరుగుతుంది. ఒక ప్రొటీన్ పెరుగుదలను చూసి మరొకటి మూలపడిందని తెలుసుకోవడం ఇక్కడి చమత్కారం.

ఇన్ని మెట్లలో ఏ ఒక్కటి తప్పినా రంగు తప్పుతుంది. మోనోక్లోనల్ యాంటీబాడీ నమ్మదగినది కావడానికి దాని పట్టు ఒక్కటే కారణం కాదు. అది ఎక్కడ పట్టుకుంటుందో, ఎప్పుడు పట్టుకోలేదో పరిశోధకులు అమైనో ఆమ్లం లెక్కన తేల్చారు. ప్రతి స్లైడ్ పక్కన సాక్ష్యంగా నిలబడే కంట్రోల్ స్లైడ్‌లను ల్యాబ్‌లు తప్పనిసరి చేసుకున్నాయి. ఆ రెండూ ఉన్నందువల్లే గోధుమ రంగును చూసి వైద్యం నిర్ణయించగలుగుతున్నారు.

పాఠకులకు చివరిగా ఒక మాట. ఇంట్లో ఎవరికైనా బయాప్సీ జరిగితే, ముక్కను ఆలస్యం చేయకుండా ఫార్మలిన్‌లో వేశారా అని అడగండి. నీళ్లలోనో సెలైన్‌లోనో గంటల తరబడి ఉంచిన ముక్క మీద ఏ యాంటీబాడీ అయినా తప్పు చెప్పొచ్చు. రిపోర్టులో పీ53 గురించి ‘పాజిటివ్’, ‘నెగటివ్’ అన్న మాటలతో మంచీ చెడూ తేల్చుకోకండి. ఏ రూపం కనబడిందో, దాని అర్థం ఏమిటో డాక్టర్‌ను అడిగి తెలుసుకోండి. మైనం బ్లాక్‌ను మాత్రం భద్రంగా ఉంచమని ల్యాబ్‌కు చెప్పండి. రెండో అభిప్రాయం కావలసివచ్చినా, ఏళ్ల తర్వాత కొత్త పరీక్ష వచ్చినా, అదే బ్లాక్ నుంచి మరో సెక్షన్ తీసి చూడొచ్చు.